దూది చెయ్యి

ఆ రోజుల్లో ఆదోనిలో పత్తి సీజను వచ్చిందంటే మనిషి నలుపో తెలుపో సాయంత్రం స్నానం చేశాక గానీ తెలిసేది కాదు. కనుబొమల మీద దూది, చెవుల్లో దూది, హోటల్లో టీ మీద మీగడ కట్టిందని సంబరపడి చూస్తే అదీ దూదే. ఎనభైల చివరి మాట ఇది. నాకు ఇరవై రెండేళ్లు. మాది ఎమ్మిగనూరు, నాన్న మగ్గం నేసేవాడు. నేను టైపు హయ్యరు పాసై, బెంగుళూరులో మూడు నెలలు కంప్యూటరు నేర్చుకుని వచ్చి, అంతటివాణ్ణి ఇంతటివాణ్ణి అనుకుంటూ తిరుగుతున్నాను. (ఆ మూడు నెలల్లో రెండు నెలలు మెషిను గది బయట చెప్పులు విడిచి వరసలో నిలబడడానికే సరిపోయిందన్న సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.)

ఆదోనిలో ఒక పత్తి షావుకారు కంప్యూటరు కొనాలా వద్దా అని రెండు నెలలుగా తేల్చుకోలేకపోతున్నాడని తెలిసి వెళ్లి కలిశాను. ఆయన్ని అలా తిప్పలు పెడుతున్నది బెంగుళూరు నుంచి వచ్చే ఒక సేల్స్‌మన్. ఎండలో కూడా మెడకు ఎర్ర టై బిగించుకుని వచ్చేవాడు కాబట్టి మండీ అంతా అతన్ని టై అన్న అనేది. అతను తెచ్చిన మెషిను అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిపోయిన రకం. కీబోర్డు ఒక్కటే బయట ఉంటుంది. తెర మాత్రం నేను బెంగుళూరులో చూసినవాటి కంటే చాలా పెద్దది. సోమవారం పెట్టి వెళతాననీ, శనివారం వస్తాననీ, నచ్చకపోతే అదే జీపులో వెనక్కి తీసుకుపోతాననీ చెప్పాడు. షావుకారు నా వైపు తిరిగి, "సూడప్పా, అది ఉంటే నువ్వుంటావు. అది పోతే నువ్వూ పోతావు. తెలిసిందా?" అన్నాడు. నాకు తెలిసింది. మా అమ్మకు ఇంకా బాగా తెలిసింది. సాయంత్రానికల్లా మా వీధిలో ప్రతి గడప ముందూ నిలబడి 'మావోడు కంప్యూటరు ఆఫీసరు' అని చెప్పి వచ్చింది.

ఆ మెషిను ఉంటే పోయే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ చిచ్చా అనేవారు, ఉర్దూలో బాబాయి అని. షావుకారు తండ్రి కాలం నుంచీ ఆ షాపు తరఫున మండీలో బేరాలన్నీ ఆయనవే. ఆ బేరం నోటితో చేసేది కాదు. ఇద్దరూ చేతులు కలుపుకుని పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా సంగతి ఆ ఇద్దరికే తెలుస్తుంది. అదీగాక, పిడికెడు పత్తి వేళ్ల మధ్య సాగదీసి ఇది పెద్దకడుబూరుది, ఇది గోనెగండ్లది అని చెప్పేయడం ఆయనకు మంచినీళ్లు తాగినంత తేలిక. "ఈ చిచ్చా తలకాయలో ఉండేదంతా దాంట్లోకి ఎక్కించు. ఆ మీదట ఆయప్పను ఇంట్లో కూసోబెడతా" అన్నాడు షావుకారు, చిచ్చా ఎదురుగానే. చిచ్చా గడ్డం నిమురుకుని, "మంచిదే కదప్పా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకేమీ అనిపించలేదు, సిగ్గుతోనే చెబుతున్నాను.

మెషినుకు దుమ్ము పడదు. దూది నుసి అసలే పడదు. షాపులో నుసి చొరబడని గది ఒక్కటే ఉంది, అది చనిపోయిన పెద్ద షావుకారుది. ఆయన ఒక మధ్యాహ్నం ఆ గదిలోనే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అప్పటినుంచి రెండేళ్లుగా తలుపు తీయలేదు. గోడౌను వైపు ఇంకో తలుపు ఉంది గానీ, దాని తాళంచెవి ఆయనతోనే పోయిందని అనుకునేవారు. సోమవారం ఆ గది తెరిస్తే పాత అత్తరు వాసన, మూసి ఉన్న గాలి మొహానికి కొట్టాయి. కుర్చీ దిండు మధ్యలో గుంట పడి ఉంది. దాన్ని సర్దడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, నేనే ఒక స్టూలు తెచ్చుకున్నాను.

కొబ్బరికాయ కొట్టాం. స్విచ్చి వేస్తే లోపల ఏదో మూలిగినట్టయి, చీకట్లోంచి పచ్చటి అక్షరాలు పైకి వచ్చాయి. షావుకారు అక్షరాలు చూడలేదు. పత్తి వ్యాపారి దేన్నైనా చేత్తో తడిమి చూసి గానీ నమ్మడు కదా, వెళ్లి తెర మీద అరచెయ్యి ఆనించాడు. చిటచిటమంది. ఆయన చేతి వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "పట్టుకున్యాది అప్పా! ఎవురో సెయ్యి పట్టుకున్యారు!" అని నాలుగడుగులు వెనక్కి గెంతాడు. నేను పెద్ద తెలిసినవాడిలా నవ్వి, అది కరెంటు గుణమన్నాను. గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్న చిచ్చా నన్ను పక్కకు పిలిచి, "అప్పా, మనం అడిగితే దానికి తెలుస్తాదా?" అన్నాడు. "తెలియకేం చిచ్చా! అన్నీ తెలుస్తాయి. ఒప్పుకుంటే అవునంటుంది, ఒప్పుకోకపోతే కాదంటుంది" అని దంచేశాను. నేర్చుకున్న విద్య ఎక్కడో ఒకచోట చూపించుకోవాలి కదా.

మంగళవారం పొద్దున షావుకారు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో తలుపు తీశాడు. కరెంటు లేదు. నల్లటి తెర మీద తెల్లగా ఒక చెయ్యి ఉంది. దూది నుసితో అచ్చు వేసినట్టుంది, ఐదు వేళ్లూ విడివిడిగా, పొడుగ్గా. దగ్గరికి వెళితే, స్విచ్చి వేయని మెషిను సన్నగా చిటచిటలాడింది. షావుకారు తన చెయ్యి దాని పక్కన పెట్టి చూశాడు. చాలలేదు. నాది అంతకంటే చిన్నది. "మా నాయనది ఇంత సెయ్యి" అన్నాడు. నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను. అయినా ఉద్యోగం గుర్తొచ్చి, "ఆశీర్వాదం అన్నా, అభయహస్తం" అన్నాను. ఆయన ఆ చేతికి దణ్ణం పెట్టుకున్నాడు. నేనే గుడ్డతో తుడిచాను.

బుధవారం మళ్లీ చెయ్యి కనబడింది. ఈసారి నాలుగే వేళ్లు. బొటనవేలు లోపలికి మడిచినట్టు ఆ చోటంతా ఖాళీగా ఉంది. "బొటనవేలు సరిగ్గా ఆని ఉండదు" అన్నాను. (దయ్యం తరఫున సంజాయిషీ చెప్పుకునే దురవస్థ మీకెప్పుడూ రాకూడదు.) గురువారం మూడు. శుక్రవారం రెండు. ఆ రోజు దిండు మీద గుంట ముందుకంటే లోతుగా ఉంది. అది నేనొక్కడినే చూశాను, షావుకారుకు చెప్పలేదు.

షావుకారు తిండి మానేశాడు. "ఇది రోజులు లెక్క పెడతాండాదప్పా. రేపు ఒకటి. ఎల్లుండి ఏమీ ఉండదు. ఎల్లుండి ఎవురు పోతారు?" అన్నాడు. "కొనమంటాండాడా, వద్దంటాండాడా? మా నాయన బతికినప్పుడూ ఇంతే, ఏదీ నోరు తెరిచి సెప్పేవాడు కాదు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తెచ్చి పెట్టింది నాయన గదిలో, తిప్పి పంపితే ఆయనకు కోపమొస్తుందేమో, ఉంచుకుంటే ప్రాణానికి వస్తుందేమో. నాకు మాత్రం ఒకటే గోల, శనివారం జీపు వస్తుంది. ఆ లోపల ఇది దయ్యం కాదని తేల్చకపోతే మా అమ్మ ఆ గడపలన్నీ మళ్లీ ఎక్కి దిగాలి.

అందుకని శనివారం ఎమ్మిగనూరులో మొదటి బస్సు పట్టుకున్నాను. ఆదోనిలో దిగేసరికి బాగా తెల్లవారింది గానీ మంచు పట్టి వీధులు మసకగా ఉన్నాయి. షాపు వాచ్‌మన్ నన్ను గోడౌనులోకి వదిలి టీకి వెళ్లాడు. పత్తి బేళ్ల మధ్య అడుగు వేస్తే అడుగు చప్పుడు కూడా వినబడదు. మన కాళ్లు మనవో కావో అన్నట్టుంటుంది. అలా సగం దూరం వెళ్లేసరికి పెద్ద షావుకారు గదిలోంచి మాటలు వినిపించాయి. గొంతు తగ్గించి, ఎవరినో బతిమాలుతున్నట్టు. "ఒకటి... ఒకటన్నా ఒప్పుకో..." అటుపక్క నుంచి జవాబు లేదు. కొంచెం ఆగి మళ్లీ "ఒకటే..." పారిపోదామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు? కాళ్లు రాలేదు, అంతే. గోడౌను వైపు తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల మెషిను తెరకు ముసుగు వేసి ఉంది. ముసుగు కింద ఏదో కదులుతోంది. పెద్దాయన కుర్చీలో ఎవరో కూర్చుని, ఒక చెయ్యి ఆ ముసుగు కిందికి పెట్టి, తల వంచుకుని ఉన్నారు. నా గొంతులోంచి కేకో మూలుగో తెలియని చప్పుడు ఒకటి వచ్చింది. ఆ మనిషి ఉలిక్కిపడి తిరిగాడు. చిచ్చా. ముసుగు ఆయన తువ్వాలు.

చిచ్చాయే ముందు తేరుకున్నాడు. "నమాజు అయినంక రోజూ వస్తాండా అప్పా. పెద్దాయన ఈ తలుపు తాళంచెవి నా కాడనే పెట్టిపోయినాడు" అన్నాడు. చలికి పగిలిన చేతులకు కొబ్బరి నూనె పూసుకున్నాడు. ఆ నూనె అచ్చు మీద తువ్వాలులోని మండీ నుసి రాలి అతుక్కుంటోంది. అద్దానికి గుడ్డ రాసుకుని చిటచిటలు పుడుతున్నాయి. నాలుగు రోజులుగా మా ప్రాణాలు తోడేసిన భూతం ఇంతే. ముప్పై ఏళ్లుగా ఆ చేతులు తువ్వాలు కిందే ఉన్నాయి కాబట్టి, అవి అంత పెద్దవని షాపులో ఎవరికీ తట్టలేదు.

"ఏం బేరం చిచ్చా, దీంతో?" అన్నాను.

"నువ్వే సెప్తివి కదప్పా, అడిగితే ఒప్పుకునేది ఒప్పుకుంటాదని. ఐదేండ్లు ఉండనీ అని అడిగినా. అవుననల్యా, కాదనల్యా. అవతలోడు పలకకపోతే మనమే దిగల్ల. నాలుగన్నా. మూడన్నా. ఈ పొద్దు ఒకటి. ఒక్క సీజను." తువ్వాలు తీయకుండానే నా వైపు చూశాడు. "ఇంట్లో కూసుంటే ఈ సేతులు ఏం సేయల్ల అప్పా?"

నాకు ఏడుపొచ్చింది. సోమవారం నేను కొట్టిన డబ్బా ఇది. పరుగున వెళ్లి షావుకారుకు నిజం చెబితే మెషిను ఉంటుంది, నేనుంటాను, మా అమ్మ మాట నిలబడుతుంది. అదంతా ఆ క్షణంలో నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే వెళ్లి తువ్వాలు కిందికి చెయ్యి పెట్టి, చిచ్చా ఐదు వేళ్లూ కలిపి పట్టుకున్నాను, ఐదేళ్లకూ ఒప్పుకున్నట్టు. "ఇది నీ బేరం కాదప్పా" అన్నాడాయన. చెయ్యి మాత్రం వదల్లేదు.

తొమ్మిదింటికి షావుకారు వచ్చాడు, వెనకే టై అన్న వచ్చాడు. తెర మీద ఒక్క వేలు నిటారుగా నిలబడి ఉంది. షావుకారు దాని వంకా నా వంకా చూసి, "సెప్పప్పా" అన్నాడు. ఎదురుగా చిచ్చా నేల చూపులు చూస్తున్నాడు. "ఆగమంటున్నాడన్నా. వేలెత్తి వద్దంటున్నాడు" అన్నాను. "ఎత్తుకపో దీన్ని!" అని షావుకారు అరిచాడు. టై అన్న ఆ వేలు చూసి మెషిను ముట్టనన్నాడు. టై ఊడి వేలాడుతోంది, అదీ పట్టించుకోలేదు. చివరికి నేనే ఎత్తి జీపులో పెట్టాను. కుదుపులకు పడకుండా ఒళ్లో పెట్టుకోమన్నారు. అది పోతే నేనూ పోతానని షావుకారు అన్న మాట అక్షరాలా జరిగింది, ఇద్దరం ఒకే జీపులో పోయాం. బస్టాండు దాకా త్యాగమూర్తిలా కూర్చున్నాను. బస్సెక్కాక ఎమ్మిగనూరు దాకా ఏడ్చాను.

ఆ తర్వాత ఏడాదంతా తాలూకా ఆఫీసు ముందు అర్జీలు టైపు చేస్తూ గడిపాను. చేసిన మంచిపని ఎవరికీ చెప్పుకోలేదు గానీ, లోపల్లోపల ఛాతీ అర గజం పెరిగింది. ఒక ముసలాయన బతుకు నిలబెట్టాను, నేను లేకపోతే ఆయన ఏమైపోయేవాడో అనుకుంటూ, అర్జీలో తప్పులు కొడుతూ ఉండేవాణ్ణి.

మళ్లీ సీజను మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం నా టైపు మిషను మీద నీడ పడింది. చూస్తే చిచ్చా. బస్సులో నిలబడి వచ్చాడట, ఆయాసపడుతున్నాడు. కూర్చోమంటే బెంచీ చివర కూర్చున్నాడు.

"సావుకారు ఇంకోటి కొన్నాడప్పా. ఈ తూరి హాల్లోనే పెట్టినాడు, అందరి ముందర. నడిపేటోడు కావల్లంటే నీ పేరు సెప్పినా. సోమవారం రమ్మన్నాడు."

"మరి నువ్వు, చిచ్చా?"

"నేనడిగింది ఒక్క సీజనే కదప్పా. బాగా జరిగింది. ఎవురో తెలియనోడు వచ్చి కూసునేదానికంటే నువ్వయితే మేలు. పత్తి సంగతి యాడన్నా తెలియకపోతే ఇంటికి రా, సెప్తా."

నేను ఆయన్ను కాపాడానని ఏడాదిగా విర్రవీగుతున్నాను. ఆయనేమో తన కుర్చీ నాకు అప్పజెప్పడానికి బస్సులో నిలబడి వచ్చాడు. అప్పుడు నేను 'వద్దు చిచ్చా, నువ్వు లేని చోట నేనుండను' అని ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి ఎంతో బాగుండేది. ఆ మాట నోటి దాకా వచ్చినట్టు కూడా గుర్తు. ఆ ఇరవై మూడేళ్ల త్యాగమూర్తిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వుతో పాటు కళ్లూ తడుస్తాయి. నేను అర్జీ కాగితం మిషనులోంచి లాగి పక్కన పెట్టి, "ఎన్ని గంటలకు రమ్మన్నాడు చిచ్చా?" అని అడిగాను.