తాతయ్య భుజం నొప్పి

నా చిన్నప్పుడు ఏడో తరగతి నన్ను రెండేళ్ళు భరించి, ఇక తనవల్ల కాదని వదిలేసింది. చదువు పోతే పోయింది, ఈత ఉందిగా అని వీధంతా డప్పు కొట్టుకునేవాణ్ణి. ఆ ఈతయినా బందరు కాలవలో, గట్టు పక్కన, కాళ్ళకు నేల తగిలే లోతులో నేర్చుకున్నదే.

కార్తీకమాసంలో మా వీధివాళ్ళం కృష్ణలో లంక మీదికి వనభోజనాలకు వెళ్ళేవాళ్ళం. పడవ మా తాతయ్యది. ఈత వచ్చిన పిల్లలు పడవ పక్కనే ఈదుకుంటూ వచ్చేవారు. రానివాళ్ళు పడవలో, వంట గుండిగల మధ్య కూర్చోవాలి. ఆ ఏడు నేను గుండిగల మధ్య కూర్చోనని తెగేసి చెప్పి నీళ్ళలో దూకాను.

నడి ఏట్లోకి వచ్చేసరికి చేతులు బరువెక్కాయి. లంక దగ్గరపడడం మానేసింది. పిలిస్తే పరువు పోతుంది, పిలవకపోతే ప్రాణం పోతుంది. పడవలోంచి పక్కింటి అక్క, "ఏరా ఏడో తరగతీ, ఇక్కడ కూడా ఆగిపోయావేం?" అంది. అందరూ నవ్వారు. జవాబు చెబుదామని నోరు తెరిస్తే నీళ్ళు పోయాయి.

తాతయ్య నవ్వలేదు. తెడ్డు ఆపి, కుడి భుజం పట్టుకుని మూలిగాడు. "ఒరేయ్, చెయ్యి పట్టేసిందిరా. ఎక్కి ఆ రెండో తెడ్డు అందుకో. లేకపోతే ఇంతమందీ నడి ఏట్లోనే భోంచెయ్యాలి" అన్నాడు. అంటూనే నన్ను ఒక్క లాగులో పైకి తీశాడు. ముసలాయన్ని ఆదుకుంటున్నవాడిలా మొహం పెట్టి లంకదాకా తెడ్డు వేశాను. ఎవరూ నవ్వలేదు. నన్ను లాగింది ఆ కుడిచేత్తోనే అని, విస్తరి ముందు కూర్చున్నాక గానీ నాకు వెలగలేదు.

ఇప్పుడు నాది ఆనాటి తాతయ్య వయసు. బోటు షికారుకొచ్చిన జనం ఫొటోలు దిగుతుంటే, నేనూ మా ఆవిడా సాయంత్రాలు ఏటిగట్టున నడుస్తాం. నడుస్తామనడం గొప్పకే, ఒళ్ళు ఈడ్చుకెళ్తాం. ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఒకటే. అలిసినవాణ్ణి అలిసిపోయావనకూడదు, ఆ అలుపేదో మనమీద వేసుకోవాలి. అందుకే ఆవిడ అడుగు మందగించగానే, నా మోకాలు పట్టేసిందంటూ బల్ల మీద కూలబడతాను. మొన్న ఉండబట్టలేక ఈ గుట్టు విప్పాను, మెచ్చుకుంటుందని.

ఆవిడ తాపీగా అంది: "మరి మీ ఆయాసం వినలేక, పదడుగులకోసారి నేను చెప్పు పట్టీ సర్దుకుంటున్నది దేనికనుకున్నారండీ?"