చెవి మేస్త్రి వినని మాట

మా ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. ఏ ఇంజనైనా సరే, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేస్తారు. ఇంట్లో నేను మూడుసార్లు పిలిచినా మాత్రం వినబడదు. ఆ చెవి మనుషుల కోసం కాదని పెళ్లయిన వారానికే నాకు అర్థమైంది.

మా మరిది పోయి రెండు నెలలైంది. ఆటల మైదానంలో గడ్డి కోసే బండి నడిపేవాడు. చిన్న ట్రాక్టరులా ఉంటుందది, ఎక్కి కూర్చుని నడపాలి. ఒక రోజు పని ముగించి, షెడ్డులో మంచినీళ్లు తాగుతూ కూలబడ్డాడు. గుండె ఆగిపోయింది. భారీ మనిషి, నవ్వు ఇంకా భారీ. కబురు అందినప్పుడు మా ఆయన చేతిలో ఉన్న నట్టు పూర్తిగా బిగించి, చేతులు తుడుచుకుని బయల్దేరారు. కంట తడి లేదు. అప్పట్నించీ అంతే. పెట్టింది తింటారు, అడిగితే ఊఁ అంటారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత అదీ పోయింది. అందరం మొద్దుబారిపోయాం.

మరిది పనిని అతని భార్యకే ఇచ్చారు, నెల రోజులు చూస్తామన్నారు. నా తోడికోడలు బండి నడపడం రెండు రోజుల్లో నేర్చేసుకుంది. బండే మొండికేసింది. నాలుగు బారలు నడిచి ఆగిపోతుంది. మళ్లీ స్టార్టు చేస్తే మళ్లీ ఆగుతుంది. గడ్డి చీలమండలు దాటింది. సోమవారం మైదానం మేనేజరు వచ్చాడు.

"శనివారం పోటీలున్నాయమ్మా. శుక్రవారం సాయంత్రానికి గడ్డి మొత్తం కోసి ఉండాలి. లేకపోతే ఇంకొకర్ని పెట్టుకోక తప్పదు."

ఆ పని పోతే ఆమెకు ఇంకో ఆధారం లేదు. మంగళవారం పొద్దున్నే మా ఆయన పనిముట్ల సంచీ తీసుకుని వెళ్లారు.

"దగ్గదు, గొణగదు బావగారూ. టప్పున ఆగిపోతుంది, ఎవరో స్విచ్ ఆపినట్టు," అని చెప్పింది ఆమె.

"దిగమ్మా, నేను చూస్తా," అని ఆయన ఎక్కారు. మైదానం చుట్టూ తిప్పారు. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. అయినా ఊరుకోకుండా ప్లగ్గు మార్చారు. బుధవారం కార్బ్యురేటర్ విప్పి కడిగారు. గురువారం పెట్రోలు ఫిల్టరు మార్చి, ట్యాంకు మూతకున్న సన్నని బెజ్జం ఊది శుభ్రం చేశారు. ప్రతిసారీ తనే ఎక్కి నడిపి, బాగుందని దిగేవారు. ఆమె ఎక్కి నడిపితే మళ్లీ ఆగిపోయేది.

"నేనంటేనే దానికి గిట్టదులే అక్కా," అంది నాతో. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

శుక్రవారం పొద్దున క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను. మా ఆయన స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని మళ్లీ కళ్లు మూసుకున్నారు. నాకు పోయిన కోపమంతా తిరిగొచ్చింది.

"ఆ పిల్ల మూడు రోజుల్నించి ఒకటే మాట చెబుతోంది. ఇంజను చెబితే వింటారు గానీ మనిషి చెబితే వినరా? మీరెక్కితే నడుస్తోంది, తనెక్కితే ఆగుతోంది. తననే నడపమని, మీరు పక్కన నిలబడి చూడండి!"

ఆయన పక్కకి జరిగారు. ఆమె ఎక్కి నడిపింది. గోల్‌పోస్టు దగ్గర నేల కాస్త ఎత్తుపల్లంగా ఉంటుంది. అక్కడ సీటు మీద ఆమె ఎగిరిపడింది. అంతే, ఇంజను టప్పున ఆగింది.

"సీటు," అన్నారు మా ఆయన. ముఖం పాలిపోయింది.

సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి కూర్చుంటే సీటు దిగి దాన్ని నొక్కి పట్టాలి. మనిషి లేస్తే ఇంజను ఆగాలి, అందుకే పెట్టారు. సీటు ఎత్తి చూస్తే లోపల రెండు లావుపాటి స్ప్రింగులు. పాత బస్సు డ్రైవరు సీటువి. వేసింది మా ఆయనే. రెండేళ్ల క్రితం మరిది వచ్చి, సీటు నేలకి తగులుతోందని గోల పెడితే, వెతికి తెచ్చి బిగించారు. "ఇక నా బరువు నీ పూచీ అన్నయ్యా," అని మరిది నవ్వాడు. అతని బరువుకి సరిపోయిన స్ప్రింగులు ఈమెకి అరకొరగా దిగి, చిన్న కుదుపుకే లేచి స్విచ్ వదిలేస్తున్నాయి. అసలే బక్క మనిషి, రెండు నెలల్లో సగమైంది. కూర్చున్నా లేనట్టే లెక్క ఆ బండికి.

"ఆ స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తే అయిపోదా బావగారూ? సాయంత్రానికే కదా గడువు."

"వద్దమ్మా. నువ్వు కింద పడ్డా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. ఒకడు పోయాడు, చాలు."

రెండు నెలల్లో ఆయన తమ్ముడి మాట ఎత్తడం అదే మొదటిసారి.

తీసేసిన పాత స్ప్రింగులు మా ఇంట్లోనే ఉన్నాయి, తీగతో కట్టి, బిస్కెట్ల డబ్బాలో. ఆయన ఏదీ పారెయ్యరు, నేను తిడుతూనే ఉంటాను. ఆ రోజు తిట్టలేదు. మధ్యాహ్నానికి బిగించారు. ఆమె ఎక్కింది, గోల్‌పోస్టు దగ్గర ఎగిరిపడింది, బండి ఆగలేదు. పొద్దు వాలేలోగా మైదానమంతా నున్నగా కోసేసింది. మేనేజరు గడ్డి మీద ఆ చివరి దాకా నడిచి వచ్చి, "సరేనమ్మా, సోమవారం వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టు," అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన ఆ లావు స్ప్రింగుల్ని వరండాలో నేల మీద నిలబెట్టి, ఒకదాన్ని అరచేత్తో నొక్కారు. దిగలేదు. రెండు చేతులూ వేసి ఒళ్లంతా మోపి నొక్కారు. కాస్తే దిగింది.

"ఆ రోజు వాడి పాడె మోసినప్పుడు నాకు బరువే తెలియలేదే," అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకి అప్పుడు కూడా రాలేదు. స్ప్రింగు మీద నుంచి చేతులు మాత్రం తియ్యలేదు.