బొట్టు లేని పిలుపు

పాదయాత్ర ఆడవాళ్లను ఆదుకున్న వీధి అని మా వీధికి మంచి పేరు వచ్చింది. ఎవరు కలిసినా ఆ మాటే. ఆ రోజు వాళ్లు పడుకున్నది నా షెడ్డులో అని మాత్రం ఎవరూ అనరు. అనకపోతే పోనీ. నాకు అంతుబట్టనిది వేరే ఉంది. ఆ రోజు మా వీధివాళ్లు నన్ను గౌరవించారా, అవమానించారా? ఏడాది దాటింది. ఒకరోజు ఇలా అనిపిస్తుంది, మర్నాడు అలా అనిపిస్తుంది. రాసి చూస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను.

ముందు నా సంగతి. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే దారిలో మాది చిన్న కిరాణా దుకాణం. ముందు దుకాణం, మధ్యలో ఇల్లు, వెనక పెద్ద రేకుల షెడ్డు. మా ఆయన బతికుండగా యార్డుకు వచ్చిన మిర్చి బస్తాలు ఆ షెడ్డులో దించేవాళ్లు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. షెడ్డు ఖాళీగా పడివుంది. దుకాణం నేనే చూసుకుంటున్నాను.

ఆయన పోయిన నాటి నుంచి నన్ను బొట్టు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మా దగ్గర ఏ ఇంట్లో కార్యమున్నా ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. నుదుట బొట్టు పెట్టి ‘రావాలె’ అంటేనే అది పిలుపు. భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టరు కాబట్టి నోటితో చెప్పి పోతారు. కొందరికి ఆ ఓపిక కూడా ఉండదు, ఫోన్‌లో కార్డు ఫొటో పంపుతారు. అలాంటి పిలుపులకు నేను పోను. ఎవరు ఎప్పుడు ఎలా పిలిచిందీ నాకు గుర్తుంది. ఎదురింటావిడ తన గృహప్రవేశానికి పిలవడానికి వచ్చి, మా మెట్టు మీద నాతో మాట్లాడుతున్న పక్కింటి కోడలికి బొట్టు పెట్టింది. తర్వాత నా వైపు చూసి, వేలికంటిన కుంకుమ కొంగుకు తుడుచుకుని, “వదినె, నువ్వు గుడ రా” అంది. ‘గుడ’ అట. ఆమె మహిళా సంఘం లీడరు కూడా. ఆమె ఇంట్లో అడుగు పెట్టనని ఆ రోజే అనుకున్నాను, పెట్టలేదు.

ఈ విషయంలో నన్ను వెక్కిరించేది మా గోడ అవతల ఉండే దర్జీ ఆమె. ముస్లింలు. బ్లౌజులు కుడుతుంది. “నాకెవరు బొట్టు పెడ్తరక్కా? అయినా అన్ని పెండ్లిండ్లకు పోయొస్తలేనా? నువ్వొక్కదానివే ఇంట్ల కూసోని కందిపప్పు ఏరుతాన్నవు” అంటుంది. ఆమెకు చెప్పినా అర్థం కాదు.

మొన్నటి ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో, డోర్నకల్ వైపు పల్లెల ఆడవాళ్లు హైదరాబాద్‌కు నడిచి వస్తున్నారని తెలిసింది. పంట పోయి ప్రాణం తీసుకున్న కౌలు రైతుల భార్యలు వాళ్లు. కౌలు చేసినట్టు కాగితం లేదని వాళ్లకు పరిహారం రాలేదు. మమ్మల్ని రైతులుగా గుర్తించండి అని అడగడానికి పోతున్నారు. ఒక మధ్యాహ్నం మా వీధికి వచ్చి, రాత్రికి ఫంక్షన్ హాల్లో ఆగి, పొద్దున్నే మళ్లీ నడక. వీధిలో ఆడవాళ్లు ఎదురింట్లో కూర్చుని పనులు పంచుకున్నారు. ఒకరికి అన్నం, ఒకరికి పప్పు, ఒకరికి మజ్జిగ. నన్ను పిలవలేదు. దర్జీ ఆమె వచ్చి చెప్పింది.

“నీకు నీళ్లు రాసిన్రక్కా.”

“నన్ను అడగకుండనే?”

“నీకు బోరు మోటరుంది గదా.”

మోటరు నాది, రాసుకున్నది వాళ్లు. నేను నీళ్లు పట్టనని అప్పుడే చెప్పాను. ఆమె నవ్వుకుంటూ పోయింది.

వాళ్లు రావడానికి ముందు రోజు ఎదురింటావిడ దుకాణానికి వచ్చింది. కొబ్బరికాయలు, కర్పూరం, కుంకుమ కావాలంది. “రేపు అందరికి హారతిచ్చి, బొట్లు పెట్టి లోపలికి తోల్కొస్తం వదినె. మన వీధి మర్యాద తెల్వాలె గదా.”

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ పాదయాత్ర కరపత్రం ఎవరో నా షట్టరుకే అంటించారు. గోకి తీస్తూ మొత్తం చదివాను. వస్తున్నవాళ్లందరూ భర్తలు పోయినవాళ్లని అందులో ఉంది. వీధిలో మిగతావాళ్లకు మాత్రం మహిళా రైతులు అన్న ఒక్క మాటే తెలుసు. ఆ వచ్చేవాళ్ల ముందుకు ఈమె కుంకుమ పళ్లెంతో వెళ్లి నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా చెప్పలేదు. కుంకుమ తూచి పొట్లం కట్టి ఇచ్చాను. నన్ను కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు. ఆ సాయంత్రం నాకు కొంచెం సంతోషంగానే ఉంది, దాచడం ఎందుకు.

మర్నాడు పదకొండు గంటలప్పుడు ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు కూడా సరిగ్గా ముడవలేదు.

“వదినె, ఫంక్షన్ హాలాయన తాళమియ్యనంటాండు. ఎవలో ఫోన్ జేసి బెదిరిచ్చిన్రట. నలభై మంది ఆడోళ్లు, ఈ ఎండల రోడ్డు మీద ఉంటరా? నీ షెడ్డు జర ఇయ్యాలె.”

“ఇప్పుడు యాదికొచ్చిన్నా?”

“ఇంకోటి. హారతి పళ్లెం నువ్వే పట్టాలె. అందరికంటె ముందట నువ్వే నిలవడాలె.”

తొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ ముందు నిలబడమనలేదు. పళ్లెం ఎలా పట్టుకోవాలో కూడా ఆలోచించేశాను. తర్వాత అర్థమైంది.

“వాళ్లు గుడ నా లెక్కనే అని తెలిసిందా?”

ఆమె నేల చూసింది. “పొద్దుగాల వాళ్ల లీడరు ఫోన్ల చెప్పింది. అట్లని కాదు వదినె. నువ్వైతె వాళ్లకు మంచిగనిపిస్తది.”

“వాళ్లకు మంచిగనిపిస్తదా, మీ చేతులకు మైల అంటకుంట ఉంటదా?”

దర్జీ ఆమె గోడ మీదుగా తల పెట్టింది. “కొట్లాట తర్వాత పెట్టుకోన్రి. వాళ్లు చౌరస్తా దాటిన్రట.”

“నాకు బొట్టు పెట్టి పిలువు. తాళమిస్త” అన్నాను.

ఎదురింటావిడ ముఖం పాలిపోయింది. రోడ్డు దాటి ఇంట్లోకి పోయింది. ఇక రాదనుకున్నాను. షెడ్డు తాళంచెవి నా బొడ్లోనే ఉంది. నలభై మంది మాట నాకు గుర్తు లేక కాదు. కానీ ఆ ఒక్కటి అడగడానికి నాకు మళ్లీ అలాంటి రోజు రాదనిపించింది. ఇది తప్పంటే ఒప్పుకుంటాను, కాదంటే అదీ ఒప్పుకుంటాను.

ఆమె కుంకుమ భరిణె పట్టుకుని గేటు బయటికి వచ్చేసరికి డప్పు చప్పుడు మలుపు తిరిగింది. జెండాలు, నెత్తి మీద సంచులు, ఎండకు నల్లబడ్డ ముఖాలు. మా వీధి ఆడవాళ్లు పళ్లెం పట్టుకుని వరుసగా నిలబడ్డారు. వచ్చినవాళ్లలో కొందరి నుదుట స్టిక్కర్ బొట్టుంది, కొందరికి లేదు. ఎవరికి పెట్టాలో, ఎవరికి పెడితే ఏమనుకుంటారో తెలియక ఒక్కరూ కదల్లేదు. ఎదురింటావిడ రోడ్డు మధ్యలో అలాగే ఆగిపోయింది. నేను గుమ్మంలో.

ముందు నడుస్తున్న ముసలామె కర్ర నేలకు ఆనించి అందరినీ చూసింది. ఆ రోజంతా మేం ఆమెను అవ్వ అనే పిలిచాం.

“ఏందే బిడ్డా, మమ్ముల జూసి బొమ్మలైన్రు?” అంది. “కర్పూరం పక్కకు పెట్టున్రి. మేమే మండుతున్నం. ముందుగాల కాళ్లకు నీళ్లియ్యున్రి. పండుకునే జాగ ఏడ?”

అందరూ నా వైపు చూశారు. నేను వెళ్లి షెడ్డు తాళం తీసి, మోటరు వేశాను. నా షరతు తీరలేదు. తీరకుండానే తీశాను. ఈ సంగతి వీధిలో ఒక్కరికీ గుర్తు లేదు.

తొందరలో షెడ్డు ఊడ్పించలేదు. అక్కడ నేను తప్పు చేశాను. బస్తాలు పోయినా మిర్చి ఘాటు పోదు. నేల పగుళ్లలో, గోడ మూలల్లో ఏళ్ల నాటి మిర్చి దుమ్ము. వాళ్లు కాళ్లు కడుక్కుని తడి పాదాలతో లోపలికి వచ్చారు. అరికాళ్ల నిండా పగిలిన బొబ్బలు. నాలుగడుగులు వేశారో లేదో ఒకామె కెవ్వుమంది. తర్వాత ఇంకొకామె. తుమ్ములు, దగ్గులు, కాళ్లు పట్టుకుని గెంతులు.

“ఓ బిడ్డా, చేన్ల మండిచ్చింది సాలదని ఈడ గుడ మిర్చేనా!” అని అవ్వ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆమెతోపాటు వాళ్లంతా నవ్వడం మొదలుపెట్టారు. కొందరు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. కావాలని అలా చేశాననుకుంటారేమో అని అందరి ముఖాలూ చూశాను.

వాళ్లను బయట నీడలో కూర్చోబెట్టి, మజ్జిగ తెచ్చినవాళ్లు మజ్జిగ కాళ్ల మీద పోశారు. తాగడానికి మళ్లీ కలపాల్సి వచ్చింది. దర్జీ ఆమె తన దుకాణంలోని పాత గుడ్డలన్నీ తడిపి తెచ్చింది. ఎదురింటావిడ భరిణె మా కిటికీలో పెట్టి, చీర దోపుకుని, చీపురుతో షెడ్డులోకి దిగింది. నేను పైపు పట్టుకున్నాను. ఆమె నేల రుద్దుతుంటే నేను నీళ్లు కొడుతున్నాను. ఇద్దరికీ ముక్కులు కారుతున్నాయి. తొమ్మిదేళ్లలో మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అది.

“నాకు ముందుగాలనే తెలుసు వదినె” అంది ఉన్నట్టుండి.

“ఏంది?”

“వాళ్ల సంగతి. ఫోన్ల చెప్పిందన్నది అబద్ధం. నీ షట్టరు మీది కాగితం నేను గుడ సదివిన.”

“సదివినంక కుంకుమ కొన్నవా?”

“కొన్న. అందరికి పెడ్దామనే కొన్న. వాళ్లకు పెట్టినంక నీకు గుడ పెడ్దామనుకున్న. పొద్దుగాల లేచేసరికి చెయ్యి రాలే. మా అత్త ఏమంటదో, సంఘమోళ్లు ఏమంటరో. భయమై నీ తానకు ఉరికొచ్చిన.”

“నిజమేనా?”

“నమ్మకుంటె నీ ఇష్టం. నువ్వు సదువలేదా ఆ కాగితం?”

“లేదు” అన్నాను.

ఎందుకు అలా అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె చెప్పింది నిజమైతే, నేను దాచిన సంగతి ఆమెకు ముందే తెలుసు, దాచి నేను సాధించింది ఏమీ లేదు. అబద్ధమైతే, తడి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని అంత పొడుగు అబద్ధం ఎందుకు చెబుతుంది? నీళ్లు కొట్టడం ఆపి ఆమె వీపు వైపు చూస్తూ నిలబడ్డాను. “పైపు ఇటు పట్టు వదినె” అంది. పట్టాను.

సాయంత్రం వరకు వీధంతా నా వాకిట్లోనే ఉంది. అన్నాలయ్యాక మా వాళ్లు ఒక్కొక్కరి కాళ్లకు కొబ్బరినూనె రాశారు. నేను అవ్వ కాళ్లకు రాశాను. ఆమె నుదుట చిన్న ఎర్ర బొట్టుంది.

“అవ్వా, నీకు ఎవలు ఏమనలేదా, బొట్టు పెట్టుకుంటె?”

“ఏమో బిడ్డా, అన్నరో లేదో. పెట్టుకోబుద్ధైన నాడు పెట్టుకుంట. చెమటకు పోయిన నాడు పోతది.”

అది జవాబనిపించలేదు. నా తొమ్మిదేళ్ల సంగతులు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. గృహప్రవేశం, ఫోన్‌లో కార్డులు, అన్నీ. నాలుగోదో ఐదోదో చెబుతుండగా చూస్తే ఆమె గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఎంత వరకు విన్నదో తెలియదు.

పొద్దున వాళ్లు బయలుదేరారు. డప్పు మొదలైంది. అవ్వ కర్ర పట్టుకుని నా ముందు ఆగి, “నడువే బిడ్డా” అంది. నుదురు ముట్టుకోలేదు, చేతిలో భరిణె లేదు, రావాలె అని కూడా అనలేదు. అంతే చెప్పి ముందుకు పోయింది. నేను షట్టరు దించి, తాళం వేసి, వాళ్ల వెనకే నడిచాను. కొంత దూరం పోయాక గానీ పోతున్నానని నాకు తెలియలేదు. పక్కన చూస్తే ఎదురింటావిడ నడుస్తోంది. ఆమెను ఎవరు పిలిచారో నేను అడగలేదు.

హనుమకొండ చౌరస్తా దాకా నడిచాం. అక్కడ వేరే వీధివాళ్లు నీళ్ల ప్యాకెట్లతో నిలబడి ఉన్నారు. అవ్వ వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఆగాను. చూడలేదు. ఇద్దరం ఆటో ఎక్కాం.

“ఎల్లుండి మా మనుమరాలి ఊయల ఫంక్షన్. రా వదినె” అంది ఎదురింటావిడ.

“ఆటోల పిలుస్తరా? ఇంటికొచ్చి పిలువు.”

వచ్చింది. భరిణె చేతిలో ఉంది. మూత తీయలేదు. తీయమని నేను అనలేదు. ఆమె నా నుదురు వైపు చూసింది, నేను ఆమె చేతి వైపు చూశాను. షెడ్డు కోసం వచ్చిన రోజు నేను అడిగిన దాన్ని మళ్లీ అడగొచ్చు. నోరు రాలేదు. అడిగితే పెడుతుందనే భయమో, పెట్టదనే భయమో తేల్చుకోలేకపోయాను.

“రావాలె” అంది.

“చూస్త” అన్నాను.

పోయాను. ఆమె ఇంట్లో అడుగు పెట్టాను. బిడ్డను ఊయలలో వేసేటప్పుడు వెనక వరుసలో నిలబడ్డాను. ముందుకు రమ్మని ఎవరూ అనలేదు, వెనక్కి పొమ్మనీ అనలేదు. నన్ను పిలిచినట్టా కాదా అని ఆలోచిస్తూనే భోజనానికి కూర్చున్నాను. పప్పులో ఉప్పు తక్కువైంది. ఆ మాట ఆమెతో చెప్పాను.

“తొమ్మిదేండ్ల సంది రాకపోతివి. వచ్చుడుతోనే ఉప్పు తక్కువైందా?” అంది.

“తక్కువైతె తక్కువైందనే అంట” అన్నాను. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి నా విస్తరి పక్కన ఠపీమని పెట్టి, ఇంకో గరిటెడు పప్పు వేసింది.