టిప్పెంత పెట్టారండీ?

ఈ మధ్య జేబున్న చొక్కా దొరకడం లేదు. అడిగితే షాపులో కుర్రది నన్ను మ్యూజియంలోంచి తప్పించుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తుంది. ఆ రోజుల్లో నా చదువూ బతుకూ చొక్కా జేబులోనే ఉండేవి, మడతపెట్టిన కాగితాల రూపంలో. ఎం.ఎస్. చదవడానికి న్యూజెర్సీ వచ్చిన కొత్తలో మా ప్రొఫెసర్ గారి దగ్గర చిన్న ఉద్యోగం దొరికింది. హోటళ్లలో జనం టిప్పు ఎంత పెడతారో తెలిస్తే, సర్వర్లు టాక్సుకి చూపించే టిప్పుల ఆదాయం నిజానికి ఎంత దగ్గరగా ఉందో తేలుతుందని ఆవిడ పరిశోధన. నా వంతు, ఎడిసన్‌లో ఒక ఇడ్లీ హోటల్ గుమ్మం దగ్గర నిలబడి, తిని బయటికొచ్చే మనవాళ్లని "టిప్పెంత పెట్టారండీ?" అని అడగడం. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు దీన్ని 'రీసెర్చ్' అనేవాణ్ణి. అబద్ధం కాదు.)

నిలబడ్డం అన్నాను గానీ, నిలబడింది తక్కువ. ఫీజులో తగ్గింపు ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉండడంతో, అది ఎప్పుడు ఊడుతుందోనని లోపలికీ బయటికీ తిరుగుతూ, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండేవాణ్ణి. "కాలుగాలిన పిల్లిలా తిరక్కు బాబూ, రెండిడ్లీలు తిని తిరుగు" అనేది పిన్ని. ఆ హోటల్‌కి ఆవిడొక్కతే సర్వరు, మా కుర్రాళ్లందరికీ పిన్ని. అడక్కుండానే రెండోసారి సాంబారు పోసేది. తనకొచ్చిన టిప్పులు టాక్సు లెక్క కోసం ఏ రోజుకారోజు చిన్న పుస్తకంలో రాసుకునేది. ప్రొఫెసర్ గారికి కావాలంటే, "చూస్కోమను, దాచేదేముంది?" అని ఇచ్చేసింది.

బయటికొచ్చేవాళ్లలో ఒక అంకుల్ నాకు బాగా గుర్తు. నా ప్రశ్న పూర్తి కాకుండానే "మీదే ఊరు?" అన్నారు. తెనాలి అన్నాను. "అరె, మాదీ ఆ పక్కనే!" అని ఒక్కసారి నిటారుగా అయిపోయి, "ట్వెంటీ పర్సెంట్ రాసుకో. ఆగాగు, ట్వెంటీ ఫైవ్ వెయ్యి" అన్నారు. పక్కనున్న ఆంటీ "ఎప్పట్నించండీ?" అంది. అంతకుముందు గుమ్మం అద్దంలోంచి నేను చూసింది మాత్రం నీళ్ల గ్లాసు కింద రెండు ఒంటి డాలరు నోట్లు. (ఆయన లేచేముందు బాగా ఆలోచించి అందులో ఒకటి వెనక్కి తీసుకున్నారు.) చెప్పింది రాయడమే నా పని కనుక ఇరవై ఐదు వేశాను. ఆరు వారాల్లో ఒక్క పిసినారి తెలుగువాడు కూడా నాకు తగల్లేదు.

ఏడో వారం ప్రొఫెసర్ గారు నా కాగితాలూ పిన్ని పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని ఎంతో సంతోషంగా కనిపించారు. "ఈవిడ వచ్చినదాంట్లో సగం కూడా చూపించడం లేదు. మన రిపోర్టులో మొదటి ఉదాహరణ ఈవిడే" అన్నారు. నా కుర్చీలో ముళ్లు మొలిచాయి. కాగితాలు నిజమంటే పిన్ని దొంగ. అబద్ధమంటే నా ఉద్యోగం గోవిందా. రెండు రోజులు క్యాంపస్ చుట్టూ తిరిగి (బూట్లు అరిగాయి, భయం అరగలేదు) మూడో రోజు వెళ్లి, అద్దంలోంచి చూసిందంతా చెప్పేశాను.

"వాళ్లు నీతో అబద్ధమెందుకు ఆడతారు?" అన్నారావిడ.

"మా ఊరివైపు వాళ్లండి. నా ముందు తక్కువ చెప్పుకోలేరు."

ఆవిడ నా కాగితాలు చెత్తబుట్టలో వేశారు. పిన్ని సంగతి రిపోర్టులోకి ఎక్కలేదు. మరుసటి వారం నుంచి జీతాల పట్టీలోకి నా పేరూ ఎక్కలేదు.

ఇప్పుడు నేను ఎక్కడ తిన్నా అడక్కుండా ఇరవై ఐదు శాతం పెడతాను. మా ఆవిడ నాది పెద్ద చెయ్యి అని మురుస్తుంది, నేనూ కాదనను. కానీ ఉద్యోగం పోయిన సాయంత్రం, తన త్యాగం చెప్పుకుని ఓ మెచ్చుకోలు సంపాదిద్దామని ఆ హోటల్‌కి పరుగెత్తిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. పిన్ని అంతా విన్నది. సాంబారు గిన్నె బల్ల మీద పెట్టి, నా జేబులో పెన్ను వంక ఓసారి చూసింది.

"అదంతా బానే ఉంది బాబూ. ఆరు వారాలు ఇక్కడే తిన్నావు కదా, ఒక్క డాలరైనా పెట్టావా?"