ఆరు గడిలో తొమ్మిది

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు నేను మదనపల్లెలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్‌గా ఉన్నాను. మిషన్ స్కూల్లో చదివానని ఇంగ్లీషు పని నాకే ఇచ్చేవారు. మా ఓనరు మద్రాసులో మూతబడిన ప్రెస్సు నుంచి పాత ఇటాలిక్ టైపు రెండు కేసులు, అక్షరానికీ అంకెకీ ఒక్కో గడి ఉండే చెక్క పెట్టెలు, కొనుక్కొచ్చాడు. కుడివైపుకి వాలిన సన్నటి అక్షరాలు. ఎఫ్ అక్షరం తలా తోకా సీసం దిమ్మ దాటి బయటికి వచ్చేవి, గట్టిగా బిగిస్తే విరిగిపోయేవి. అంకెలు కూడా ఒక వరసలో నిలబడవు. ఆరు తల పైకెత్తుతుంది, తొమ్మిది తోక కిందికి దించుతుంది. ఆరుని తలకిందులు చేస్తే అచ్చం తొమ్మిదే. దిమ్మ పక్కనుండే గాడి బొటనవేలికి తగిలితేనే ఏది పైనో తెలిసేది.

పుంగనూరులో పిల్లల డాక్టరొకాయన మేం వేసిన పెళ్లికార్డు చూసి, తన మందు కార్డులోనూ అంకెలు ఆ టైపులోనే కావాలన్నాడు. ఫిట్సు వచ్చే బిడ్డలకు వేసే చుక్కల మందు అది. ఏ వయసుకి ఎన్ని చుక్కలో రాసి తల్లులకిచ్చే కార్డు. 'ఎక్కువైతే బిడ్డకు మెలకువ రాదు' అన్న వాక్యం కూడా నేనే పేర్చాను. ప్రూఫు ఓనరు చదివాడు. కార్డులు వెళ్లిపోయాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం, వేరే పని కోసం ఆరు గడిలో చెయ్యి పెట్టాను. గాడి సరిగ్గానే తగిలింది. అక్షరాలు పేర్చే స్టిక్కులో పెట్టి చూస్తే అది తొమ్మిది. గడి మొత్తం బల్ల మీద కుమ్మరించాను. ఆరుల మధ్య ఇంకో నాలుగు తొమ్మిదులు. పెళ్లికార్డు టైపు విప్పి గడుల్లో వేసింది నేనే, తొందరలో. ఏడాది లోపు బిడ్డకు ఆరు చుక్కలు. ఆ ఆరుని ఈ గడిలోంచే తీశాను.

కార్డు నకలు ఓనరు బీరువాలో ఉంది. తాళం ఆయన దగ్గరుంది, ఆయన కుప్పంలో చుట్టాలింట్లో ఉన్నాడు. చెప్పులేసుకుంటుంటే అచ్చు మిషన్ తొక్కే పెద్దాయన అడిగాడు. "యాడికమ్మా, పని మద్దెలో?"

"పుంగనూరికి" అన్నాను. ఎందుకో చెప్పకుండానే బస్టాండుకి బయల్దేరాను.

బస్సులో నా పక్కనావిడ ఒళ్లో పసిబిడ్డ నిద్రపోతోంది. పుంగనూరు వచ్చేదాకా ఆ బిడ్డ పొట్ట లేస్తోందా లేదా అనే చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో నర్సమ్మ నా మాట పూర్తి కానివ్వలేదు. "ఆ తప్పు మొదటి రోజే సూసినామమ్మా. అన్నీ పెన్నుతో దిద్దినాం. మీ ఓనరుకి మనిషితో చెప్పి పంపినాం గదా."

నేను అడిగాను. "దిద్దకముందు ఎన్ని పోయినాయి?"

"నాలుగు. మూడు తిరిగొచ్చినాయి. ఇంగొకటి రామసముద్రం దావలో ఒక పల్లెకి పోయింది. మనిషిని పంపితే ఆ పేరు గలామె లేదని వచ్చేసినాడు. ఇంటి కాడ పట్టుపురుగుల షెడ్డు ఉండాదని ఆమె చెప్పింది నాకు ఇప్పుడే గుర్తొచ్చింది."

"బిడ్డకెంత వయసు?"

"ఎనిమిది నెలలు" అని నర్సమ్మ తల దించుకుంది.

పల్లె పేరు అడిగి రామసముద్రం బస్సెక్కాను. దిగి షెడ్డు గుర్తు చెప్తే ఒక ముసలాయన చెయ్యెత్తి చూపించాడు. మల్బరీ చేను గట్టు మీద పరిగెత్తాను. కాలు జారి మోకాలు చీరుకుపోయింది. ఇంటి దగ్గర ఏడుపు వినబడుతుందేమోనని ఒకసారి ఆగాను. ఏమీ వినబడలేదు. దాంతో భయం ఇంకా ఎక్కువైంది.

నడవలో చాప మీద బిడ్డ. మెడదాకా గుడ్డ కప్పి ఉంది. కదలడం లేదు.

తల్లి మల్బరీ ఆకు తరుగుతూ తలెత్తింది. "యాలమ్మా అట్ల రొప్పుతాండావు?"

"బిడ్డ..."

"నిద్రపోతాండాది. ఇప్పుడే పాలు తాగింది."

వంగి ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా ఊపిరి తగిలింది. నా చెయ్యి తగిలి బిడ్డ మొహం చిట్లించి ఏడుపందుకుంది. అంత గట్టి ఏడుపు విని అక్కడే గోడకానుకుని కూలబడ్డాను.

"మందు ఎన్ని చుక్కలు ఏస్తాండావు?" అని అడిగాను.

"ఆరు. నర్సమ్మ సేతి ఏళ్లు లెక్కబెట్టి సూపిచ్చింది. మందు సీటీ ఉండాది గానీ మాకు సదువు యాడిది?"

చూరులో దోపిన కార్డు తీసిచ్చింది. తొమ్మిది అందంగా, తోక కిందికి వాల్చుకుని ఉంది. ఆసుపత్రివాళ్లు వెనక్కి తెమ్మన్నారని చెప్పాను. ఆసుపత్రి మనిషిననుకుని ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. కాదని చెప్పే ధైర్యం రాలేదు. కార్డు నర్సమ్మకిచ్చి మదనపల్లె చేరాను.

రెండు రోజులకు ఓనరు కుప్పం నుంచి వచ్చాడు. నా మొహం చూడగానే ఆయనకు అర్థమైంది.

"మీకు ముందే తెలుసు గదప్పా" అన్నాను.

"తెలుసు. నీకు చెప్తే ఇంగ టైపు ముట్టవని చెప్పలా. ప్రూఫు సదివింది నేను. నాకే ఈడ ఉండబుద్ది గాక కుప్పం పోయినాను."

నాకు కోపం రావాలి. రాలేదు.

కార్డులు నిలువు టైపులో మళ్లీ వేసిచ్చాం. అంకె పక్కనే తెలుగులో 'ఆరు' అని కూడా పేర్చాను. ఆ ప్రెస్సులో ఇంకో ఎనిమిదేళ్లు చేశాను. మందుల పని వచ్చినప్పుడల్లా ప్రూఫు ఇంకొకరు పైకి చదివితే తప్ప మిషన్ మీదికి పంపనిచ్చేదాన్ని కాదు. అయినా కార్డులు గడప దాటిన రాత్రి అన్నం సహించేది కాదు.