తెగని గీత

గల్ఫ్‌లోని ఐకాడ్ పారిశ్రామికవాడ నుంచి బయల్దేరిన ఆ మధ్యాహ్నపు బస్సులో డ్రైవరు, నిద్రపోతున్న ఇద్దరు వెల్డర్లు, ఒళ్ళో లాప్‌టాప్‌తో నేను, నా పక్క సీటులో ఎడమచేతికి మాత్రమే గ్లవ్ వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నాం.

"గా గీత ఏంది తమ్మీ?" అన్నాడాయన నా తెర చూసి.

మా ప్లాంటులో వేడినీళ్ళ ట్యాంకు మట్టం అని చెప్పాను. సెన్సరు నిమిషానికొకసారి వైర్‌లెస్‌లో పంపే విలువ దారిలో పోతే, నా ప్రోగ్రాం అంచనా వేసి ఆ ఖాళీ నింపుతుందని, గీత ఎక్కడా తెగదని కొంచెం గర్వంగానే వివరించాను.

"మరి ఏది అసలుదో, ఏది అంచనానో చూసెటోనికి ఎట్ల తెలుస్తది?"

"తెలియనక్కర్లేదండీ. రెండూ దాదాపు ఒకటే."

ఆయన గ్లవ్ తీశాడు. మణికట్టు నుంచి చర్మమంతా ముడుచుకుపోయి, చివరి రెండు వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ట్యాంకు మూత తీసేముందు కంట్రోల్ రూముకు ఫోన్ కొట్టి అడుగుడు మా రివాజు. సగమే ఉంది, యల్లా, కానియ్, తియ్ అన్నడు ఆపరేటర్. ఆని తప్పు లేదు. ఆని తెర మీద గూడ గీత తెగలే. ట్యాంకేమో అంచుదాక నిండి మసులుతున్నది."

ఆయన మళ్ళీ గ్లవ్ వేసుకుని, "గది నీ ప్రోగ్రాం గాదులే, బుగులు వడకు" అని తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

నేను అంచనా విలువలన్నిటికీ ఎరుపు రంగు పెట్టి, గడిచిన గంట గీతను మళ్ళీ గీయించాను. మొత్తం విలువలు అరవై. సెన్సరు పంపినవి ఇరవై మూడు.