రోజేర్ బావ పొడుగు ప్యాంటు

మా అక్క గిలేన్‌కి కోపం వస్తే గిన్నెలు మోగవు, తలుపులు దబాలుమనవు. నోరు మూసుకుని ఇస్త్రీ చేస్తుంది. ఆ జులైలో మా బావ బనియన్లు, చేతిరుమాళ్ళు కూడా ఇస్త్రీ చేసిందంటే ఎంత మండిపోయి ఉందో మీరే ఊహించుకోండి.

మా క్యుబెక్‌లో ఇళ్ళు కట్టే పనివాళ్ళందరికీ జులై చివర్లో ఒకేసారి సెలవు. ఆ రెండు వారాలూ ఎక్కడా సుత్తి చప్పుడు వినిపించదు. సుత్తులు పట్టేవాళ్ళంతా కట్టగట్టుకుని సముద్రానికి పోతారు మరి. బావ జట్టైతే మరీను. ఏటా సరిహద్దు దాటి అమెరికాలోని ఓల్డ్ ఆర్చర్డ్ తీరంలో అదే మోటెల్, అవే గదులు, పక్క గదిలో వాళ్ళ మేస్త్రీ ఫెర్నాన్. ఏడాదంతా చూసి చూసి విసిగిన మొహాల్నే సెలవులో చొక్కాల్లేకుండా చూడాలి.

వాళ్ళందరిలో పొడుగు ప్యాంటు వేసుకుని కూర్చునేది మా రోజేర్ బావ ఒక్కడే. అక్క నీళ్ళలోంచి చెయ్యి ఊపేది. ఒడ్డున కుర్చీలోంచి బావ చెయ్యి ఊపేవాడు. ఆవిడ సెలవంటే అంతే.

అక్కకి నీళ్ళంటే పిచ్చి. మేం పుట్టిన షవినిగన్‌లో ఊళ్ళోంచే నది పారుతుంది కానీ, మా చిన్నప్పుడు నదినిండా కాగితం మిల్లుకి పోయే దుంగలే. కాలు పెట్టనిచ్చేవారు కాదు. గట్టు మీద కూర్చుని దుంగల్ని చూస్తూ పెరిగింది. బడి వంటశాలలో ఏడాదంతా పిల్లలకి బంగాళాదుంపలు ఉడకేసి, ఆ రెండు వారాల కోసమే బతికేది. ఆవిడ అడిగింది పెద్ద కోరికేం కాదు, మొగుడు తనతోపాటు సముద్రంలో దిగాలి. ఒక్కసారి.

బావకి నీళ్ళంటే భయమేం లేదు. ఆయనది నేలకి టైల్స్ పరిచే పని. కుర్రతనం నుంచీ మోకాళ్ళ మీద పాకి పాకి, ఆ మోకాళ్ళు రెండు రొట్టెల్లా ఉబ్బిపోయాయి. చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. రోజూ రాత్రి మందు రాసేది అక్కే. ఆ మోకాళ్ళు మేస్త్రీ కంట పడితే మర్నాడే తన చోట కుర్రాణ్ణి పెట్టేస్తాడని బావ భయం. అందుకే ఆ ప్యాంటు. నాకు ఒళ్ళు మండేది. సముద్రం ఒడ్డున కూర్చుని కూడా మేస్త్రీకి భయపడే మనిషిని ఏమనాలి?

ఆ ఏడు అక్క తెగించింది. ఓల్డ్ ఆర్చర్డ్ గదులు వద్దని చెప్పేసి, ఇంకా దక్షిణాన ఎక్కడో న్యూజెర్సీలో ఉన్న వైల్డ్‌వుడ్ తీరంలో గది తీసుకుంది. ఎక్కడికి పోతున్నామో ఒక్క పురుగుకి చెప్పలేదు. బావకి నీలం నిక్కరొకటి కొని పెట్టె అడుగున దాచింది. నేను పెళ్ళి పెటాకులు లేని దాన్ని కాబట్టి, వాళ్ళ కారు వెనక సీటు ఏటా నాదే. పక్కన ఐసుపెట్టె.

దారిలో బావ హుషారుగానే ఉన్నాడు.

"నా అదృష్టం చూశావా యుగెత్! మూడేళ్ళ నుంచీ నాకన్నీ స్నానాల గదుల గోడలే తగులుతున్నాయి. నిలబడి అంటించుకోవడమే. నేలలన్నీ కుర్రాళ్ళకి పోతున్నాయి," అన్నాడు నాతో.

"ఇక్కడైనా ఆ గోడల గోల ఆపుతావా?" అంది అక్క.

మోటెల్ ముందు ఎగురుతున్న మా క్యుబెక్ నీలం జెండా చూసినప్పుడే, మావాళ్ళు ఇక్కడికీ వస్తారని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. అక్క నిక్కరు తీసి బావ చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ చూసి వేసుకున్నాడు. వైల్డ్‌వుడ్‌లో ఇసుకకి అంతుండదు, నడుస్తుంటే నడుస్తూనే ఉండాలి. బావ అక్క భుజం పట్టుకుని, ఆ తెల్లటి కాళ్ళతో మెల్లగా నడిచాడు. అక్క మొహం చూడాలి! పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

నీళ్ళు ఇంకాస్త దూరంలో ఉన్నాయనగా, ఒక గొడుగు కింద నుంచి గొంతు వినిపించింది.

"ఒరేయ్ రోజేర్!"

ఫెర్నాన్. పక్కన వాళ్ళావిడ లిజెత్.

"నువ్వేంటి మేస్త్రీ ఇక్కడ?" అన్నాడు బావ, అక్క భుజం మీది తువ్వాలు లాగి నడుముకి చుట్టుకుంటూ.

"మీ అందర్నీ వదిలించుకుందామని వచ్చానురా బాబూ! ఏటా సెలవులో ఎవడో ఒకడు పక్కన చేరి, వచ్చే పనికి నన్ను పెట్టు, మా బామ్మర్దిని పెట్టు అని ప్రాణం తీస్తాడు. లిజెత్ ఈ ఊరు వెతికింది. నువ్వెవరు చెబితే వచ్చావ్?"

బావ వెనక్కి తిరిగి, మోకాళ్ళ నొప్పి లేని మనిషిలా గబగబా గదికి పోయి ప్యాంటెక్కించాడు.

తీరా చూస్తే ఫెర్నాన్ వాళ్ళ గది మా పక్కదే. ఇక వరసగా రోజూ అదే బాగోతం. ఒకర్నొకరు వదిలించుకోవడానికి అంత దూరం వచ్చిన మగాళ్ళిద్దరూ పొద్దున్నే కుర్చీలు పక్కపక్కన వేసుకుని, సిమెంటు రకాలు మాట్లాడుకుంటూ కూర్చునేవారు. అక్క మళ్ళీ ఒక్కతే నీళ్ళలో.

"ఏమయ్యా, చూసేశాడుగా! ఇంకా ఎవరి దగ్గర దాస్తున్నావ్?" అంది అక్క ఒక మధ్యాహ్నం.

"ఒకసారే చూశాడే. ఇంకోసారి చూస్తే గుర్తుపెట్టుకుంటాడు."

బావ ప్యాంటు విప్పి పడేసి కునుకు తీస్తుంటే, అక్క మోటెల్ వాళ్ళ ఇస్త్రీపెట్టె తెచ్చుకుంది. ఐసుపెట్టెలోంచి నా కత్తెర తీసుకుంది, మాంసం పొట్లాలు కత్తిరించేది. బావ తెచ్చుకున్న ప్యాంట్లన్నీ మోకాలి పైకి కత్తిరించి, అంచులు మడిచి, చక్కగా ఇస్త్రీ చేసి, కుర్చీ మీద దొంతర పెట్టింది. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే రెండో కాలు నేను పట్టుకున్నాను.

బావ లేచి, ఒక్కొక్కటీ విప్పి చూసి, ఏడుపు మొహం పెట్టాడు. "నీకు మతి పోయిందా? ఇంటికెలా వెళ్ళను?"

"నిక్కరేసుకునే వెళ్ళు. దారిలో మేస్త్రీలెవరూ ఉండరు."

బావ మళ్ళీ తువ్వాలు చుట్టుకుని, సరాసరి పక్క గది తలుపు కొట్టాడు. ఎక్కడికి పోతాడు మరి? ఫెర్నాన్ తన ప్యాంటొకటి పట్టుకుని వచ్చాడు. అందులో బావలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు. దాన్ని ఇవ్వబోయి ఆగి, మా గుమ్మంలో నిలబడ్డ అక్కని చూశాడు, తువ్వాలుని చూశాడు.

"దేనికిరా ఈ ముసుగు?" అన్నాడు. "మూడేళ్ళ నుంచీ నిన్ను గోడలకే ఎందుకు పెడుతున్నాననుకున్నావ్? ఊళ్ళో నేలలు అయిపోయాయనా?"

కారులో బావ చెప్పుకున్న అదృష్టం గుమ్మంలో ప్యాంటు పట్టుకుని నిలబడి ఉంది.

"నీకు తెలుసా?" అంది అక్క.

"నువ్వు మెట్లు దిగడం చూస్తే తెలీదట్రా," అన్నాడు ఫెర్నాన్ అక్కకి కాకుండా బావకి చెబుతూ.

"మూడేళ్ళు!" అంది అక్క. నాకు తెలిసి ఆవిడ గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. "ఆ ముక్క నోటితో చెప్పి చావొచ్చుగా ఫెర్నాన్!"

"మగాడితో ఎలా అంటాం గిలేన్, నీ మోకాళ్ళు పోయాయని? చిన్నబుచ్చుకోడూ!"

"ఈయన చిన్నబుచ్చుకుంటాడని నువ్వూ, నువ్వు చూస్తావని ఈయనా! మీరిద్దరూ కలిసి నా సముద్రాన్ని తినేశారు!"

అని చెప్పులు కూడా లేకుండా ఇసుకలోకి దిగి నడిచింది. వెనక్కి చూడలేదు. బావ ఫెర్నాన్ చేతిలోని ప్యాంటు వంక చూశాడు. తర్వాత గదిలోకి పోయి కత్తిరించిన ప్యాంట్లలో ఒకటి తొడుక్కుని, తువ్వాలు తీసి మెట్ల కటకటాలకి వేసి, కుంటుకుంటూ ఆవిడ వెంట పడ్డాడు. లిజెత్, నేను వెనక నడిచాం. ఆ ఇసుక దాటడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో! అక్క ఆగలేదు. ఆగమని బావా అడగలేదు.

నడుము లోతు నీళ్ళలో ఆవిణ్ణి అందుకున్నాడు.

"గిలేన్, చల్లగా ఉంటాయని ఏటా చెప్పేదానివి. ఏం చల్లగా లేవే!"

"ఆ చల్లటి నీళ్ళు ఓల్డ్ ఆర్చర్డ్‌లోవి," అంది అక్క, ఇంకా మొహం తిప్పకుండానే. "వాటిలో నేనొక్కదాన్నే మునిగాను."

పెద్ద అల ఒకటి వచ్చింది. అక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది, పడిపోతాడని.